నేల లేచిందా, సముద్రం తగ్గిందా? ఉత్థానం అనే మాట గురించి

ఆమదాలవలసలో డీఎస్సీకి చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "భూగోళం పుస్తకంలో ఒకచోట ఉత్థానం అని, ఇంకోచోట ఊర్ధ్వ చలనం అని, మరోచోట అప్‌లిఫ్ట్ అని ఉంది. ఇవన్నీ ఒకటేనా? మన తూర్పు కనుమలు ఉత్థానం వల్ల ఏర్పడ్డాయని ఒక గైడులో, అరిగిపోయిన అవశిష్ట పర్వతాలని ఇంకో గైడులో ఉంది. ఏది రాయాలి? చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది."

అమ్మా, టెన్షన్ పడాల్సిన పని లేదు. రెండు గైడులూ సగం సగం నిజమే చెప్పాయి. విజయనగరంలో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పాను. ఏటా ఎవరో ఒకరు ఇదే సందేహంతో వచ్చేవారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మాట సంగతి. అప్‌లిఫ్ట్‌కి తెలుగులో స్థిరపడిన మాట ఉత్థానం. భూమి పైపొరలో ఒక విశాలమైన భాగం, ఏదో ఒక స్థిరమైన మట్టంతో పోలిస్తే, పైకి జరగడం. ఊర్ధ్వ చలనం ఇంకా విశాలమైన మాట. అది దిక్కు మాత్రమే చెబుతుంది: పైకి కదిలింది, అంతే. లావా పైకి రావడం కూడా ఊర్ధ్వ చలనమే గానీ దాన్ని ఉత్థానం అనం. ఉత్థాపన అని ఇంకో మాట కూడా మీకు కనబడవచ్చు. ఉత్థానం అంటే తాను లేవడం, ఉత్థాపన అంటే లేపడం. నేల ఉత్థానం చెందింది, లోపలి బలాలు దాన్ని ఉత్థాపించాయి. ఈ తేడా పాటిస్తే వాక్యం శుభ్రంగా ఉంటుంది.

స్పెల్లింగు విషయంలో జాగ్రత్త. థ-కారం ఒత్తు ఉండాలి. ఉత్, స్థానం కలిస్తే సకారం జారిపోయి ఉత్థానం అయింది. కార్తీక మాసంలో విష్ణుమూర్తి యోగనిద్ర నుంచి లేచే రోజుని ఉత్థాన ఏకాదశి అంటాం కదా, ఆ మాటే ఇది. చాలామంది ఉత్తానం అని రాసేస్తారు. అది వేరే మాట, చాచిన, వెల్లకిల అయిన అని అర్థం. ధ్రువుడి తండ్రి ఉత్తానపాదుడి పేరులో ఉన్నది అదే. ఆ ఒత్తు తేడాతో లేచిన నేల కాస్తా వెల్లకిలా పడుకుంటుంది. మన వైపు ఇళ్లలో అయితే దీన్ని "లెగడం" అంటాం. ఆ మాటలో శాస్త్రానికి పనికిరానిది ఏమీ లేదు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. లేచింది అనగానే రెండు ప్రశ్నలు అడగాలి. ఏది లేచింది? దేనితో పోలిస్తే లేచింది? ఈ రెండూ చెప్పకుండా ఉత్థానం అని రాస్తే ఆ వాక్యానికి అర్థం పూర్తికాదు. మీ రెండు గైడుల తగాదా కూడా ఇక్కడే పుట్టింది.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని నాకు నేర్పింది ఒక మత్స్యకారుడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని తీసుకుని కళింగపట్నం వెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోటు. తీరానికి లోపలగా, అలలు ఇప్పుడు అందని దూరంలో, ఇసుక మిట్టలు వరుసలుగా ఉంటాయి. ఒకప్పుడు తీరం ఇక్కడిదాకా ఉండేదని పిల్లలకి చెబుతూ, "అంటే నేల లేచిందన్నమాట" అనేశాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అంతా విని, "మేస్టారూ, నేల లెగిసిందంతారా, సంద్రం తగ్గిందంతారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ప్రశ్నకి మూడో జవాబు కూడా ఉంది: నేల లేవక్కర్లేదు, సముద్రం తగ్గక్కర్లేదు, నది ఏటేటా ఇసుక తెచ్చి పోస్తే తీరమే ముందుకు జరుగుతుంది. ఒడ్డున నిలబడి చూసేవాడికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఏది జరిగిందో తేల్చకుండా ఉత్థానం అనకూడదని ఆ రోజు నుంచి పాటిస్తున్నాను.

ఈ ప్రశ్న పెద్దపెద్ద వాళ్లనే ఇబ్బంది పెట్టింది. ఉష్ణోగ్రత కొలతకి తన పేరు ఇచ్చిన సెల్సియస్ 1731లో స్వీడన్ తీరంలో ఒక బండరాయి మీద నీటిమట్టం దగ్గర గీత చెక్కించాడు. అక్కడ తీరం ఏటా కాస్త కాస్త బయటపడుతోంది. సముద్రంలో నీళ్లు తగ్గిపోతున్నాయని ఆయన అనుకున్నాడు. నిజానికి అక్కడ లేస్తున్నది నేల. మంచుయుగంలో ఆ ప్రాంతం మీద కిలోమీటర్ల మందాన మంచు ఉండేది. అది కరిగి బరువు దిగాక, నొక్కుకుపోయిన నేల ఇప్పటికీ నెమ్మదిగా పైకి వస్తోంది. బోత్నియా సింధుశాఖ దగ్గర అది ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒకే గీత, ఒకే కొలత. సముద్రం స్థిరమనుకుంటే ఒక జవాబు, నేల స్థిరమనుకుంటే ఇంకో జవాబు.

మరి మనం దేన్ని స్థిరం అనుకుంటాం? మీ ఊళ్లోనే ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పసుపు బోర్డు మీద పేరు కింద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది చూడండి. ఆ సముద్రమట్టం ఏదో ఒక రోజు అల ఎత్తు కాదు. ఏళ్ల తరబడి రేవుల్లో ఆటుపోట్లు కొలిచి తీసిన సగటు. 1909లో అప్పటి భారతదేశానికి ఆ మట్టం స్థిరపరిచినప్పుడు లెక్కలోకి తీసుకున్న తొమ్మిది రేవుల్లో మన విశాఖపట్నం ఒకటి. నేల ఎత్తు మారిందా అన్నది ఇలాంటి మట్టంతో పోల్చే చెబుతారు. ఇప్పుడైతే జీపీఎస్‌తో, ఉపగ్రహ రాడార్‌తో మిల్లీమీటర్ల తేడా కూడా పట్టుకుంటున్నారు.

ఇక మొదటి ప్రశ్న, ఏది లేచింది అన్నది. తూర్పు కనుమల సంగతి దీనితోనే తేలుతుంది.

మన కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. తాజాగా పగిలిన ముక్క చేతిలోకి తీసుకుంటే లోపల దానిమ్మ గింజల్లా ఎర్రటి గోమేదికం జాతి స్ఫటికాలు, గార్నెట్లు, కనిపిస్తాయి. వాటితోపాటు సిల్లిమనైట్ అనే ఖనిజం సన్నటి నారల్లా ఉంటుంది. ఈ రెండూ కలిసి ఉన్నాయంటే ఆ రాయి ఎంత లోతులో, ఎంత వేడిలో ఉండి వచ్చిందో చెప్పవచ్చు. ఎలాగంటారా? బియ్యప్పిండి ఒక్కటే. ఆవిరి మీద పెడితే కుడుము, పెనం మీద పోస్తే అట్టు, నూనెలో వేస్తే జంతిక. తయారైనదాన్ని చూసి ఎలా వండారో చెప్పేస్తాం కదా. సిల్లిమనైట్‌కి, ఆండలుసైట్‌కి, కయనైట్‌కి మూలపదార్థం ఒక్కటే. లోతు, వేడి మారితే రూపం మారుతుంది.

అలా లెక్కగడితే మన కనుమల రాళ్లు సుమారు 25, 30 కిలోమీటర్ల లోతులో, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో మారాయని తేలింది. అది దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పట్లో మన ఈ తీరం, తూర్పు అంటార్కిటికా అతుక్కుని ఒకే పర్వతశ్రేణిలో భాగంగా ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అవి విడిపోయాయి. మధ్యలో సముద్రం వచ్చింది, మన తూర్పు తీరం ఏర్పడింది. మన కొండల్లోని చార్నకైట్ వంటి రాళ్లకి చుట్టాలు ఇప్పటికీ అంటార్కిటికా మంచు పక్కన ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ముప్పై కిలోమీటర్ల లోతు నుంచి రాయి పైకి వచ్చింది. మరి కొండ ఎత్తెంత? మందస నుంచి కనిపించే మహేంద్రగిరి సరిహద్దుకి అవతల, ఒడిశాలో ఉంది, దాని ఎత్తు 1501 మీటర్లు. రాయి ముప్పై కిలోమీటర్లు లేచింది, కొండ మాత్రం ఒకటిన్నర కిలోమీటర్ల దగ్గర ఉంది. మిగతాదంతా ఏమైంది? పైనున్న రాయి అంతా వానకి, గాలికి, నదికి అరిగి కొట్టుకుపోయింది.

కాబట్టి ఇందులో మూడు వేర్వేరు కొలతలున్నాయి. రాయి ఎంత పైకి వచ్చిందన్నది ఒకటి. పైన కప్పు ఎంత కోసుకుపోయి ఆ రాయి బయటపడిందన్నది ఇంకొకటి. చివరికి నేల మట్టం ఎంత పెరిగిందన్నది మూడోది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మూడోది వస్తుంది. వినడానికి ఇంత తేలికైన విషయాన్ని పరిశోధకులు కూడా చాలాకాలం కలిపేస్తూ వచ్చారు. లోతు నుంచి రాయి వచ్చిందని చూపించి, పర్వతం ఎత్తు పెరిగిందని రాసేసేవారు. 1990లో ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ అనే ఇద్దరు ఈ మూడింటినీ విడదీసి, ఉత్థానం అనే మాట వాడినప్పుడు దేని ఉత్థానమో చెప్పి తీరాలని గట్టిగా రాశారు. నాకు ఆ పట్టుదల చాలా ఇష్టం.

ఇందులో పిల్లలకి అర్థం కాని ముక్క ఒకటుంది. కొండ అరుగుతూ ఉంటే రాయి ఎందుకు లేస్తుంది? ఇసుక నింపిన నాటుపడవని ఊహించుకోండి. పైనుంచి పారతో ఇసుక తీసేకొద్దీ బరువు తగ్గి పడవ పైకి తేలుతుంది. పడవ అడుగు లేచింది. కానీ ఇసుక గుట్ట శిఖరం? అది మొత్తం మీద కిందికే వచ్చింది. భూమి పైపొర కూడా కింద ఉన్న బరువైన పొర మీద ఇలాగే తేలుతూ ఉంటుంది. సాంద్రతల తేడాని బట్టి చూస్తే, విశాలమైన ప్రాంతంలో సమంగా వెయ్యి మీటర్ల మందం అరిగితే, అడుగునుంచి ఎనిమిది వందల మీటర్లకి పైగా తిరిగి లేస్తుంది. నేల మట్టం నికరంగా తగ్గేది నూట డెబ్బై, నూట ఎనభై మీటర్లే. పాత కొండలు కోట్ల ఏళ్లు అరిగినా ఇంకా నిలబడి ఉండటానికి ఇది పెద్ద కారణం. అరుగుదలే వాటిని లేపుతోంది.

అందుకే మీ గైడులు రెండూ సగం సగం నిజమన్నాను. రాళ్ల పరంగా చూస్తే తూర్పు కనుమలది పెద్ద ఉత్థానం. ఎత్తు పరంగా చూస్తే అవి అరిగి మిగిలిన అవశిష్ట పర్వతాలు. రెండూ ఒకే కొండకి ఒకేసారి వర్తిస్తాయి.

కళింగపట్నం, భావనపాడు ఇసుకలో నల్లటి, ఎర్రటి చారలు చూసే ఉంటారు. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రవి గార్నెట్. అవి ఆ కొండల్లోంచి అరిగి ఏరుల వెంట సముద్రానికి చేరినవే. పాతికపైగా కిలోమీటర్ల లోతులో పుట్టిన గింజ ఇవాళ మన కాలికింద తడి ఇసుకలో ఉంది. ఉత్థానానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మన జిల్లాలో ఇంకొకటి చూపించలేను.

నేల మట్టమే నిజంగా, కళ్లముందు లేచిన సందర్భాలూ ఉన్నాయి. 1819 జూన్ 16న కచ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. రణ్ అనే చదునైన ఉప్పు బయల్లో దాదాపు 80, 90 కిలోమీటర్ల పొడవున నేల కట్టలా పైకి లేచింది, కొన్నిచోట్ల ఆరు మీటర్ల దాకా. ఆ కట్ట అడ్డుపడి సింధు నది పాత పాయ ఒకటి ఆగిపోయింది. మనుషులు కట్టే కట్టల్లా కాకుండా దేవుడే కట్టాడని జనం దానికి అల్లా బండ్ అని పేరు పెట్టారు. దాని దక్షిణం వైపు నేల కుంగి, సింద్రీ కోట నీటిలో మునిగింది. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన భూకంపంలోనూ అంతే. ఉత్తర అండమాన్‌లో ఇంటర్వ్యూ ద్వీపం పడమటి తీరాన పగడపు దిబ్బలు మీటరుకి పైగా లేచి గాలికి ఎండి చచ్చిపోయాయి. దక్షిణాన నికోబార్‌లోని ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకి పైగా కుంగింది. ఒకచోట ఉత్థానం జరిగితే పక్కనే ఎక్కడో కుంగుడు ఉంటుందా అని వెతకడం మంచి అలవాటు.

అగ్నిపర్వతాల దగ్గర ఇంకో రకం ఉంది. ఇటలీలో పొజువోలీ అనే ఊళ్లో రోమన్ల కాలపు సంత మండపం స్తంభాలకి, మనిషికి అందనంత ఎత్తులో, సముద్రపు ఆల్చిప్ప జాతి జీవులు తొలిచిన రంధ్రాలున్నాయి. అంటే ఆ స్తంభాలు నిలబడే మునిగి, నిలబడే మళ్లీ తేలాయి. 1982, 84 మధ్య ఆ ఊరు సుమారు 1.8 మీటర్లు పొంగింది. రేవులో లోతు తగ్గిపోయింది. ఇలాంటిదాన్ని పొంగు, ఉబ్బు అనడమే నాకు బాగుంటుంది, ఎందుకంటే అది మళ్లీ తగ్గుతుంది కూడా.

హిమాలయాల సంగతి అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే మన ఫలకం, వెళ్లి ఆసియాని గుద్దుకోవడం సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందట మొదలై ఇంకా సాగుతోంది. ఎవరెస్టు శిఖరం మీద ఉన్నది ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. మన ఇళ్లలో పూజించే సాలగ్రామాల్లో చాలావరకు నేపాల్‌లోని గండకీ నది తెచ్చేవి, వాటిలో చక్రం గుర్తు కోట్ల ఏళ్ల నాటి అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల. హిమాలయాల లోపల దొరికే సముద్రపు గుల్ల మన పూజగదిలో ఉంది.

మీరు అడగలేదు గానీ పరీక్షలో తగిలే దగ్గరి మాటలు కొన్ని ఉన్నాయి. పర్వతనిర్మాణ చలనాల్లో పొరలు ముడతలు పడి, విరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఖండనిర్మాణ చలనాల్లో పొరలు పెద్దగా చెదరకుండా ఒక పీఠభూమి అంతా నెమ్మదిగా లేస్తుంది లేదా కుంగుతుంది. ఉత్థానం రెండింట్లోనూ ఉంటుంది. భ్రంశం అంటే రాళ్లు పగిలి, ఆ పగులు వెంట జరిగిన చోటు. భ్రంశానికి ఇటువైపు పైకి పోయిన భాగం అంటే అవతలి వైపుతో పోలిస్తే పైన ఉందని మాత్రమే. రెండు వైపులూ కుంగి, ఒకటి తక్కువ కుంగినా దాన్ని పైభాగమే అంటారు. అప్‌హీవల్ అన్నది పాత పుస్తకాల మాట, హఠాత్తుగా, బలంగా లేచిందన్న భావం ఉంది. ఇప్పుడు వార్తల్లో రాజకీయ కల్లోలానికే ఎక్కువ వాడుతున్నారు. అప్‌వెల్లింగ్ వేరు. అది సముద్రంలో లోతు నుంచి చల్లటి నీరు పైకి రావడం, మన మత్స్యకారులకి చేపలు ఎక్కువ దొరకడానికి ఒక కారణం.

ఇంజినీర్లు అప్‌లిఫ్ట్ అంటే మాత్రం నేల లేవడం కాదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది కదా. ఒకపక్క నిలిపిన నీరు అడుగున ఇసుకలోంచి ఊరి కట్టడాన్ని కిందనుంచి పైకి నెడుతుంది. ఆ ఒత్తిడిని వాళ్లు అప్‌లిఫ్ట్ అంటారు, దాన్ని తట్టుకునేలా అడుగు మందం లెక్కగడతారు. గాలివానలో ఇంటి కప్పుని పైకి లాగే బలాన్నీ అదే మాటతో పిలుస్తారు. 2018 తిత్లీ తుపానుకి పలాస, వజ్రపుకొత్తూరు వైపు రేకులు లేచిపోయింది ఆ బలానికే. అక్కడ ఉత్థానం అని అనువదిస్తే తప్పు. పైకి నెట్టే ఒత్తిడి, పైకి లాగే బలం అని విడమరిచి రాయాలి. రేగడి నేల తడిసి గచ్చు పైకి వస్తే అది నేల పొంగడం, దాన్నీ ఉత్థానం అనకండి.

ఇక పరీక్ష. బిట్‌గా తూర్పు కనుమలు ఏ రకం పర్వతాలు అని అడిగితే అవశిష్ట పర్వతాలు అని పెట్టండి. ఉత్థానం అర్థం రాయమంటే ఇలా రాయవచ్చు: భూ అంతర్బలాల వల్ల గానీ, పైబరువు తగ్గడం వల్ల గానీ, భూపటలంలోని ఒక భాగం సముద్రమట్టం వంటి స్థిర మట్టంతో పోలిస్తే పైకి జరగడం.

రేపు మీరు టీచరయ్యాక ఏడో తరగతి పిల్లాడు, "టీచర్, కొండ అరుగుతుంటే లెగడమేంటి?" అని అడుగుతాడు. అప్పుడు ఒక బకెట్ నీళ్లు, ఒక స్టీలు గిన్నె, రెండు గుప్పెళ్ల ఇసుక తెప్పించండి. ఇసుక గిన్నెలో గుట్టగా పోసి నీళ్ల మీద వదలండి. గిన్నె బయట నీళ్లు తాకే చోట మార్కర్‌తో గీత గీయించండి. తర్వాత వాడి చేతే చెంచాతో కొంచెం కొంచెం ఇసుక తీయించండి. గీత నీటి పైకి వస్తుంది, గుట్ట కొన కిందికి దిగుతుంది. రెండూ స్కేలుతో కొలిపించి, పక్కపక్కన బోర్డు మీద రాయించండి.